ఐదేళ్ల పూచీ: ఇంట్లో లోపం బయటపడితే బిల్డర్ ఎంతవరకు బాధ్యుడు?

కొత్త ఫ్లాట్‌లో లోపాలు గృహప్రవేశం నాడు కనిపించవు. ఒక వానాకాలం గడిచాక బెడ్‌రూమ్ గోడ అడుగున రంగు పొంగుతుంది. రెండో ఏడు పైవాళ్ల బాత్రూమ్ కింద సీలింగ్ మీద పసుపు మరక తేలుతుంది. మూడో ఏడు హాల్లో నాలుగు టైల్స్ ఉన్నట్టుండి పైకి లేస్తాయి. బిల్డర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో సూపర్‌వైజర్ వచ్చి ఫొటోలు తీసుకుంటాడు, కాస్త పుట్టీ పెట్టించి వెళ్లిపోతాడు. మళ్లీ అడిగితే వచ్చే జవాబు దాదాపు అన్నిచోట్లా ఒకటే: "అది మెయింటెనెన్స్ అండి, మీ అసోసియేషన్ చూసుకోవాలి."

ఆ జవాబు విని ఊరుకున్నవాళ్లే ఎక్కువ. నిజానికి 2016లో వచ్చిన చట్టం ఇల్లు కొన్నవారికి గట్టి హక్కే ఇచ్చింది. ఆ హక్కు కోర్టులో వాదించి ఓడిపోయినవాళ్లు తక్కువ. కోర్టు దాకా రాకముందే, తేదీ లేని ఉత్తరాల్లో, ఫోన్ కాల్స్‌లో, చూడకుండా పెట్టిన సంతకాల్లో పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. నిర్మాణ లోపాల విషయంలో తెలుసుకోవాల్సిన అసలు సంగతి అదే.

చట్టంలో ఉన్న మాట

రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం, అంటే అందరూ రెరా అనేది, 2016లో వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఇందులో సెక్షన్ 14(3) లోపాల గురించి చెబుతుంది. పొజెషన్ ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో లోపాన్ని గానీ, పనితనం, నాణ్యత, సదుపాయాల కల్పనలో మరే లోపాన్ని గానీ కొనుగోలుదారు బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా అదనంగా తీసుకోకుండా సరిచేయడం బిల్డర్ విధి. చేయకపోతే తగిన పరిహారం పొందే హక్కు కొనుగోలుదారుకు వస్తుంది.

ఈ వాక్యంలో గమనించాల్సినవి ఉన్నాయి. మొదటిది, సెక్షన్ స్ట్రక్చర్‌తో ఆగలేదు. "ఇది స్ట్రక్చరల్ ప్రాబ్లమ్ కాదండీ, ప్లాస్టరింగ్ క్రాకే" అని సైట్ ఇంజనీర్ తేల్చేసినప్పుడు చాలామంది నిజమే కాబోలు అనుకుంటారు. ప్లాస్టరింగ్ కూడా పనితనమే. డ్రైనేజీ పైపు వాలు సరిగా లేకపోవడం కూడా పనితనమే. ఐదేళ్ల పూచీ రెండింటికీ ఒకటే. స్ట్రక్చరల్ లోపం అయితే ప్రమాదం, ఖర్చు పెరుగుతాయి. కాకపోతే మాత్రం బాధ్యత తప్పిపోదు.

రెండోది, ఐదేళ్లు లెక్కపెట్టేది పొజెషన్ తేదీ నుంచి. లోపం కనిపించిన తేదీ నుంచి కాదు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటూ హైదరాబాద్‌లో, విజయవాడలో ఫ్లాట్ కొని, పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన బంధువు చేత తాళాలు తీసుకుని, మూడు నాలుగేళ్లు ఇంటిని మూసి ఉంచేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. తలుపు తీసి చూసేసరికి గడువులో సగానికి పైగా కరిగిపోయి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లయినా, ముఖ్యంగా వానలు వెలిశాక, ఎవరో ఒకరు లోపలికి వెళ్లి కుళాయిలు తిప్పి, గోడలు తడిమి చూడాలి.

మూడోది కొంత ఊరట. ఐదేళ్లలోపు జరగాల్సింది బిల్డర్‌కు తెలియజేయడం. కేసు కూడా ఆ ఐదేళ్లలోపే వేయాలని సెక్షన్ అనలేదు. నాలుగేళ్ల పదకొండో నెలలో అందిన నోటీసుకు కూడా బిల్డర్ జవాబుదారీయే. కాకపోతే అది అందినట్టు రుజువు ఉండాలి.

సేల్ డీడ్ రిజిస్టర్ అయిపోయింది, ఇక మాకు సంబంధం లేదు అనే మాట కూడా నిలవదు. అన్ని ఫ్లాట్లకూ రిజిస్ట్రేషన్లు పూర్తయినా 14(3) కింద లోపాల బాధ్యత కొనసాగుతుందని సెక్షన్ 11(4) స్పష్టంగా చెప్పింది. కొన్ని అగ్రిమెంట్లలో "లోపాల బాధ్యత పన్నెండు నెలలు మాత్రమే" అనే షరతు ఇప్పటికీ కనిపిస్తుంది. చట్టం ఇచ్చిన ఐదేళ్లను ప్రైవేటు కాగితంతో తగ్గించడం కుదరదు. ఇతర చట్టాల్లోని విరుద్ధమైన నిబంధనల కంటే ఈ చట్టానిదే పైచేయి అని సెక్షన్ 89 అంటోంది.

రీసేల్‌లో కొన్నవారు కూడా ఈ రక్షణలోకి వస్తారు. అలాటీ (ఫ్లాట్ కేటాయింపు పొందినవారు) అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో, మొదటి కొనుగోలుదారు నుంచి ఆ తర్వాత పొందినవారూ ఉన్నారు. అద్దెకున్నవాళ్లు మాత్రం లేరు. మొదటి పొజెషన్ నుంచి ఐదేళ్లలో ఎంత మిగిలితే అంత కొత్త యజమానికి దక్కుతుంది. అందుకే రీసేల్ ఫ్లాట్ కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లతో పాటు మొదటి పొజెషన్ లెటర్ కాపీ అడిగి తీసుకోవాలి.

మన దగ్గర మరో మెలిక డెవలప్‌మెంట్ అగ్రిమెంట్. స్థలం ఒకరిది, కట్టేది ఇంకొకరు, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. స్థలదారు వాటాలో ఫ్లాట్ కొన్నవారు లీకేజీ అని వెళితే బిల్డర్ "మీరు మా దగ్గర కొనలేదుగా" అంటాడు. స్థలదారును అడిగితే "కట్టింది నేనా?" అంటాడు. చట్టంలో ప్రమోటర్ (బిల్డర్‌కు చట్టం వాడే మాట) నిర్వచనం కింద ఉన్న వివరణ ఈ ఆటను ఆపింది: కట్టేవారు, అమ్మేవారు వేర్వేరైతే ఇద్దరూ ప్రమోటర్లే, ఇద్దరూ ఉమ్మడిగా బాధ్యులే. ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ చేర్చాలి.

లోపమా, మెయింటెనెన్సా?

లోపం అంటే ఏమిటో చట్టం విడమరచి నిర్వచించలేదు. తగువంతా అక్కడే. లిఫ్ట్ ఏటా సర్వీసింగ్, మోటారు బేరింగ్, ఎండకు వెలిసిన బయటి రంగు, వాషర్ అరిగిన కుళాయి వంటివి మెయింటెనెన్స్ అనడంలో ఎవరికీ పేచీ ఉండకూడదు. మిగతావాటికి ఒక ప్రశ్న వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. పని సరిగా చేసి ఉంటే, మామూలుగా వాడుకుంటున్న ఇంట్లో ఇంత త్వరగా ఈ సమస్య వచ్చేదా? రాదు అని ఇంజనీర్ చెప్పగలిగితే అది లోపం.

బాత్రూమ్ లీకేజీనే తీసుకుందాం. అపార్ట్‌మెంట్లలో ఎక్కువ గొడవలు దీనివల్లే, పైగా అవి తప్పు మనిషి మీదికి పోతుంటాయి. చాలా కట్టడాల్లో బాత్రూమ్ దగ్గర స్లాబును కాస్త కిందికి దింపి పోస్తారు. ఆ పళ్లెంలాంటి భాగంలో వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ వేసి, పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన బెడ్ వేసి టైల్స్ అతికిస్తారు. కోటింగ్ మూలల్లో గోడ మీదికి మడిచి పైకి లాగకపోయినా, నేల నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ సందు సరిగా పూడ్చకపోయినా, కోటింగ్ మీద పనివాళ్లు గడ్డపారతో తిరిగి చీల్చినా, నీళ్లు ఆ నింపుడులో నెలల తరబడి నిలిచి కిందికి దిగుతాయి. కింది ఫ్లాట్‌వాళ్లకు మరక కనిపిస్తుంది. వాళ్లు పైకెళ్లి పైవాళ్లతో తగువు పడతారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మాటామాటా పెరుగుతుంది. ఈలోగా బిల్డర్ ఐదేళ్ల గడియారం నిశ్శబ్దంగా తిరుగుతూనే ఉంటుంది.

దీన్ని తేల్చడం కష్టమేమీ కాదు. ముందు పై బాత్రూమ్‌కు వచ్చే నీటి వాల్వు కట్టేసి రెండు మూడు రోజులు చూస్తారు. మరక ఆరడం మొదలైతే అనుమానం నీళ్లొచ్చే పైపు మీద. ఆరకపోతే డ్రెయిన్‌ను గుడ్డతోనో ప్లగ్‌తోనో మూసి, అంగుళం రెండంగుళాల లోతు నీళ్లు నిలబెట్టి, గోడ మీద గీత గీసి, 24 నుంచి 48 గంటలు వదిలేస్తారు. గీత కంటే నీళ్లు తగ్గి, కింద మరక పెరిగితే వాటర్‌ప్రూఫింగ్ మీదో ట్రాప్ మీదో అనుమానం. బిల్డర్ మనిషిని పిలిచి, ఇరుపక్షాల ముందు ఈ పరీక్ష చేసి, వీడియో తీసి, సంతకాలు పెట్టించుకుంటే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. పైపు, ట్రాప్, కోటింగ్ ఏది దోషమైనా ఐదేళ్లలోపు అది బిల్డర్ పనే. పైవాళ్లు టైల్స్ పగలగొట్టి మార్చుకుని ఉంటేనో, పైపులైన్లు కదిలించి ఉంటేనో మాత్రం వేలు వాళ్లవైపు తిరుగుతుంది.

పగుళ్లు కూడా చూడగలిగితే మాట్లాడతాయి. ప్లాస్టరింగ్ మీద వల అల్లినట్టు సన్నగా అన్నివైపులా పాకిన గీతలు సాధారణంగా తడపడం చాలకో, సిమెంటు పాళ్లు ఎక్కువయ్యో వస్తాయి. పిల్లర్‌కు, గోడకు మధ్య నిలువునా గీసినట్టుండే చీలిక చాలాసార్లు ఆ అతుకు మీద చికెన్ మెష్ (సన్నటి తీగల వల) వేయకపోవడం వల్ల వస్తుంది. కిటికీ మూలల నుంచి వాలుగా పాకేవి కిటికీ పైనుండే లింటెల్ బలహీనతకో, పునాది కుంగడానికో గుర్తు కావచ్చు. పిల్లర్‌లోనో బీములోనో ఇనుప చువ్వ వెంబడే చీలిక వచ్చి, అంచున తుప్పు రంగు కనబడితే ఆలస్యం చేయకూడదు. లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతోందని అర్థం. అప్పుడు మేస్త్రీని పిలిచి పూయించే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవాలి. పూత వేస్తే సాక్ష్యమూ పోతుంది, జబ్బూ పోదు.

కాంక్రీటు బలం మీద వివాదమైతే కోర్ టెస్ట్ ఉంది. స్లాబు నుంచో పిల్లర్ నుంచో గొట్టంలా ముక్కలు కోసి ల్యాబ్‌లో నలగ్గొడతారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆ ముక్కల సగటు బలం, నిర్దేశించిన గ్రేడ్‌లో కనీసం 85 శాతం ఉండాలి. ఏ ఒక్కటీ 75 శాతం కంటే తగ్గకూడదు. అదే ప్రమాణం పిల్లర్‌లో ఇనుముపై కాంక్రీటు కవర్ (పైపొర మందం) మామూలుగా 40 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. మామూలు సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ వంటివి కలిసిన సిమెంటు వాడితే 10 రోజులు తడపాలంటుంది. ఇలాంటి అంకెలతో వచ్చిన ఇంజనీర్ రిపోర్టు ముందు "మేము బాగానే కట్టాం" అన్న మాట నిలబడదు.

బిల్డర్ల వాదనలో న్యాయం ఉండే చోటు కూడా చెప్పాలి. పొజెషన్ తీసుకున్న వెంటనే ఇంటీరియర్స్ పేరుతో గోడలు తీసేయడం, ఏసీ పైపు కోసం బీముకు రంధ్రం కొట్టడం, బాల్కనీని గదిలో కలిపేయడం మన అపార్ట్‌మెంట్లలో మామూలైపోయింది. యజమాని చేసిన మార్పుల వల్ల వచ్చిన లోపానికి బాధ్యత లేదని అగ్రిమెంట్లలో రాసుకుంటారు. ఆ మాట సమంజసమైనదే. అందుకని ఇంటీరియర్ పని మొదలుపెట్టే ముందు ప్రతి గదినీ వీడియో తీసి ఉంచుకోవడం, ఏం మార్చామో కాగితం మీద ఉంచుకోవడం తర్వాత చాలా పనికొస్తుంది.

ఐదేళ్ల తర్వాత కూలే కట్టడాలు

2022 ఫిబ్రవరి 10న గురుగ్రామ్ సెక్టార్ 109లోని చింటెల్స్ పారడైజో అపార్ట్‌మెంట్స్‌లో డి టవర్ ఆరో అంతస్తు హాలు నేల కూలింది. కింది అంతస్తుల స్లాబులు కూడా వరసగా పడిపోయి ఇద్దరు మహిళలు చనిపోయారు. పరిశీలించిన ఐఐటీ ఢిల్లీ, కాంక్రీటు తయారీలోనే క్లోరైడ్‌లు చేరి ఇనుమును వేగంగా తినేశాయని, మరమ్మతు సాధ్యం కాదని తేల్చింది. ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ) కట్టిన సిగ్నేచర్ వ్యూ అపార్ట్‌మెంట్స్‌లోని 336 ఫ్లాట్ల పరిస్థితీ అంతే. నివాసానికి పనికిరావని తేలింది. 2024 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు కూల్చివేతను సమర్థిస్తూ, కొత్తవి కట్టి ఇచ్చేదాకా పెద్ద ఫ్లాట్లవాళ్లకు నెలకు 50,000, మిగతావాళ్లకు 38,000 రూపాయల అద్దె డీడీఏ ఇవ్వాలంది. కొచ్చిలో సైనిక కుటుంబాల కోసం 2018లో అప్పగించిన చందర్ కుంజ్‌లో రెండు టవర్లను కూల్చి మళ్లీ కట్టాలని 2025 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ఆదేశించింది.

ఇవి చూశాక ఐదేళ్ల గడువు మీద సందేహం కలగక మానదు. ప్లాస్టరింగ్, టైల్స్, లీకేజీలు ఐదేళ్లలో బయటపడతాయి. ఇనుము తుప్పు, పునాది కుంగడం వంటివి చాలాసార్లు ఆ తర్వాతే పైకి తేలుతాయి. చిన్న లోపానికీ, ప్రాణాంతకమైన లోపానికీ ఒకే కొలబద్ద పెట్టడం ఈ సెక్షన్‌లోని బలహీనత. ఫ్రాన్స్‌లో కట్టడం గట్టిదనానికి పదేళ్ల బాధ్యత ఉంది. 1978 నాటి చట్టం దానికి బీమాను తప్పనిసరి చేసింది, బిల్డర్ దివాలా తీసినా ఇంటివాళ్లు రోడ్డున పడరు. లండన్‌లో 2017 జూన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయాక, ఇంగ్లండ్ 2022లో చట్టం మార్చి, నివాసానికి పనికిరాని ఇళ్లపై దావా గడువును ఇకపై కట్టేవాటికి 15 ఏళ్లకు, అప్పటికే కట్టినవాటికి 30 ఏళ్లకు పెంచింది. మన రెరాలోనూ సెక్షన్ 16 కింద బీమా ప్రస్తావన ఉంది. అయితే ప్రభుత్వం నోటిఫై చేసిన బీమానే బిల్డర్ తీసుకోవాలని అక్కడ రాశారు. స్ట్రక్చర్‌కు పదేళ్ల పూచీ, దానికి బీమా రెండూ కలిపి రావాలి. బీమా కంపెనీ డబ్బు పణంగా ఉంటే కట్టేటప్పుడే దాని ఇంజనీర్ సైట్‌కు వచ్చి చూస్తాడు.

అంతవరకు, ఐదేళ్లు దాటినవారికి దారులు మిగిలే ఉన్నాయి, కాస్త ఇరుకైనవి. లోపం తెలిసి కూడా కప్పిపుచ్చారని చూపగలిగితే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం గడువు ఆ మోసం బయటపడిన రోజు నుంచి మొదలవుతుంది. అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపాన్ని చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ఎప్పటి నుంచో చెబుతోంది. తేడా ఏమిటంటే, ఐదేళ్లలోపు లోపం చూపితే చాలు. ఆ తర్వాత బిల్డర్ తప్పును కూడా నిరూపించాలి.

ఎక్కడికి వెళ్లాలి

రెరాలో రెండు కిటికీలున్నాయి, ఇక్కడే చాలామంది పొరబడతారు. మరమ్మతు చేయించమని ఆదేశం కావాలంటే రెరా అథారిటీకి వెళ్లాలి. నష్టానికి డబ్బు పరిహారం కావాలంటే సెక్షన్ 71 కింద అడ్జుడికేటింగ్ ఆఫీసర్ (పరిహారం నిర్ణయించే అధికారి) తేల్చాలి. 2021 నవంబర్ 11న న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ విభజనను ఖాయం చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదటిదానికి ఫారం ఎం, రెండోదానికి ఫారం ఎన్. పరిహారం అడుగుతూ ఫారం ఎం వేస్తే నెలలు పోతాయి. అసోసియేషన్ కూడా తన పేరున ఫిర్యాదు చేయవచ్చు. టెర్రస్, బేస్‌మెంట్, ఫైర్ లైన్లు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) వంటి ఉమ్మడి భాగాల లోపాలకు అదే మేలు.

రెండో దారి వినియోగదారుల కమిషన్. ఇళ్ల నిర్మాణం సేవ కిందకే వస్తుంది. హౌసింగ్ బోర్డుల వంటి ప్రభుత్వ సంస్థలు కూడా ఇందులో జవాబుదారీ అని 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెరా ఉన్నా ఈ దారి మూసుకుపోలేదని 2020 నవంబర్‌లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో తేల్చింది. ఒకే నష్టానికి రెండుచోట్లా పరిహారం అడగడం మాత్రం కుదరదు. ఇక్కడ ఫిర్యాదు గడువు రెండేళ్లు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆ పైన జాతీయ కమిషన్. లెక్క ఫ్లాట్ ధరను బట్టి, మరమ్మతు ఖర్చును బట్టి కాదు. కాబట్టి లక్ష రూపాయల లీకేజీ కేసు కూడా హైదరాబాద్‌లో తరచూ నేరుగా రాష్ట్ర కమిషన్‌కే చేరుతుంది.

రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేని కట్టడాల్లో ఉన్నవారికి ఈ కమిషనే పెద్ద దిక్కు. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన ఊళ్లలో 200, 300 గజాల్లో లేచే అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఈ మినహాయింపులోకి జారిపోతాయి. తెలంగాణ నిబంధనలైతే 2017 జనవరి 1కి ముందు అనుమతి వచ్చిన ప్రాజెక్టులను కూడా పక్కన పెట్టాయి. రక్షణ ఎక్కువ కావాల్సినచోటే చట్టం పలచగా ఉంది. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంతలు తవ్వుతుండగా ఓ చిన్న బహుళ అంతస్తుల భవనం ఒరిగింది. దాన్ని అధికారులు కూల్చేయాల్సి వచ్చింది. అలాంటి ఇరుకు స్థలాల్లో పక్కవాడి తవ్వకం, మన పునాది రెండూ కలిసే బాధ్యతను తేలుస్తాయి. కాగితాలు లేనివారికి ఆ తగువు సివిల్ కోర్టులో ఏళ్లు పడుతుంది.

సొంత స్థలంలో ఇల్లు కట్టించుకునేవారిది ఇంకో కథ. లేబర్ కాంట్రాక్ట్ ఇచ్చి సిమెంటు, ఇనుము తామే కొంటే మేస్త్రీ బాధ్యత పనితనం వరకే. మెటీరియల్‌తో సహా ఇస్తే నాణ్యత బాధ్యత కూడా కాంట్రాక్టర్‌దే. ఎక్కువమంది చదరపు అడుగుకు ఇంత అని నోటి మాట మీద మొదలుపెట్టేస్తారు. ఏ బ్రాండ్ ఇనుము, ఏ గ్రేడ్ కాంక్రీటు, ఎన్ని రోజులు తడపాలి, ఏ దశకు ఎంత చెల్లింపు అనేవి ఒక రెండు పేజీల్లో రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. చివరి చెల్లింపులో కొంత ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకోవడం కూడా అందులో రాసుకోవాలి. ఆ మిగులు సొమ్ము చేసే పని చాలాసార్లు లాయర్ నోటీసు చేయదు.

కాగితం, తేదీ, రుజువు

పొజెషన్ నాటి కాగితం నుంచే మొదలవ్వాలి. ముహూర్తం మించిపోతోందని ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రాకముందే తాళాలు తీసుకుని పాలు పొంగించడం, ఇంటీరియర్స్ కోసమని ముందే లోపలికి వెళ్లడం మామూలే. రేపు బిల్డర్ ఐదేళ్లను ఆ తాళాల రోజు నుంచే లెక్కపెడతాడు. తేదీ ఉన్న పొజెషన్ లెటర్ అడిగి తీసుకోవాలి. "అన్నీ పరిశీలించాం, ఏ లోపమూ లేదు" అని ముందే టైప్ చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటారు. దాని కింద కనిపించిన లోపాలు చేత్తో రాసి సంతకం పెట్టవచ్చు. ఆ కాగితం అప్పటికి కంటికి కనబడని లోపాల హక్కును తుడిచేయదు. కానీ పగిలిన టైలు, గీతపడ్డ తలుపు వంటి కంటికి కనబడేవాటి విషయంలో మన వాదన బలహీనపడుతుంది.

లోపం కనబడగానే పెన్సిల్‌తో పగులు చివర అడ్డగీత గీసి పక్కన తేదీ వేయాలి. నెల తర్వాత పగులు ఆ గీత దాటితే మళ్లీ గీసి ఫొటో తీయాలి. ఫొటోలో స్కేలు కనబడాలి. బిల్డర్‌కు వాట్సాప్ మెసేజ్ చాలదు. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. ఫోన్ మారిస్తే మెసేజ్‌లు పోతాయి. అగ్రిమెంట్‌లో నోటీసుల కోసం ఇచ్చిన చిరునామాకు స్పీడ్ పోస్టులో, దానితో పాటు ఈమెయిల్‌లో ఉత్తరం పంపాలి. అందులో ఫ్లాట్ నంబరు, పొజెషన్ తేదీ, ఏ గదిలో ఏ లోపం, ఎప్పటి నుంచి, సెక్షన్ 14(3) కింద 30 రోజుల్లో సరిచేయాలన్న మాట ఉంటే చాలు. లాయర్ భాష అక్కర్లేదు.

30 రోజులూ ఆగలేని పరిస్థితి ఉంటే, పలానా రోజున సొంత ఖర్చుతో చేయిస్తున్నాం, వచ్చి చూసుకోండి అని ముందుగా రాసి, ఇంజనీర్ రిపోర్టు తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి. తీసేసిన టైల్స్, పైపు ముక్కలు, బిల్లులు దాచాలి. పగలగొట్టి కొత్తది కట్టేశాక పాత లోపాన్ని ఎవరికీ చూపలేరు.

ఆదేశం చేతికొచ్చాక బిల్డర్ అప్పీలుకు వెళ్లవచ్చు. అయితే కొనుగోలుదారుకు చెల్లించాల్సిన మొత్తం ముందుగా జమ చేస్తేనే అప్పీలేట్ ట్రిబ్యునల్ అతని అప్పీలు వింటుంది. చెల్లించకపోతే ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. ఆ పని కలెక్టర్ కార్యాలయానిది, ఫైలు అక్కడ తరచూ నిద్రపోతుంది. ఆ ప్రాజెక్టులో బిల్డర్ వాటాగా ఇంకా అమ్ముడుపోని ఫ్లాట్లు, పార్కింగ్, అతని పేరున ఉన్న ఇతర స్థలాల సర్వే నంబర్లు సేకరించి దరఖాస్తుకు జతచేస్తే, జప్తు చేయడానికి అధికారుల చేతిలో ఒక ఆస్తి ఉంటుంది.